సగం ఎంతో తేల్చే కమిటీ

ఎనభై వేలలో సగం నలభై వేలని నాలుగో తరగతి పిల్లవాడు వేళ్లు మడవకుండా చెబుతాడు. ఆ పిల్లవాడికి ఆ లెక్క నేర్పిన ఉపాధ్యాయుడు పదవీ విరమణ నాడు ఆఖరి మూల వేతనంలో సగం పింఛనుగా ఇమ్మంటే మాత్రం, అది ఎంతవుతుందో తేల్చడం మన ప్రభుత్వాలకు ఇరవై ఏళ్లుగా సాధ్యం కావడం లేదు. 2004 సెప్టెంబరు నుంచి చేరిన ఉద్యోగులకు పాత పింఛను తీసేసి, నెలనెలా జీతంలో కోసిన సొమ్ముతో నడిచే సీపీఎస్ (వాటాల పింఛను పథకం) పెట్టారు. దాని సంగతి తేల్చడానికి 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టక్కర్ కమిటీని వేసింది. 2019 ఎన్నికలకు ముందు జగన్‌మోహన్ రెడ్డి గారు అధికారంలోకి వచ్చిన వారంలోగా సీపీఎస్‌ను రద్దు చేస్తామని సెలవిచ్చారు. ఆ వారం ఎంతకీ గడవలేదు. మంత్రుల బృందం కూర్చుంది, అధికారుల బృందం కూర్చుంది, చివరికి సాంకేతిక అంశాలు తెలియక హామీ ఇచ్చామని ప్రభుత్వ సలహాదారే ప్రకటించి ఉద్యోగులను ఊరడించారు. 2023లో జీపీఎస్ (గ్యారంటీ పింఛను పథకం) చట్టం వచ్చింది. 2024లో తెలుగుదేశం కూటమి వారు పునఃసమీక్షించి ఆమోదయోగ్యమైన పరిష్కారం చూపుతామన్నారు. కేంద్రం కూడా వెనకబడలేదు; సోమనాథన్ కమిటీని వేసి, 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు యూపీఎస్‌ను (ఏకీకృత పింఛను పథకాన్ని) అమల్లోకి తెచ్చింది. అక్షరాలు మారుతున్నాయి గనుక సంస్కరణ సాగుతున్నట్టే లెక్క.

ఇటువంటి కమిటీ సమావేశం ఎంత గంభీరంగా సాగుతుందో పాఠకులు ఊహించుకోవాలి. సచివాలయంలో చల్లటి గది, బల్ల మీద జీడిపప్పు పళ్లెం. అధ్యక్షుల వారు విశ్రాంత ఉన్నతాధికారి. 2004కు చాలా ముందే సర్వీసులో చేరిన అదృష్టవంతులు కాబట్టి, ఒకటో తారీఖున వారి ఫోను చిన్నగా మోగుతుంది. ఆఖరి జీతంలో సగం, దాని మీద కరువు భత్యం బ్యాంకులో పడిందన్న సందేశమది. వారు దానిని తృప్తిగా చదువుకొని, ఫోను బోర్లా పెట్టి, ఆఖరి జీతంలో సగం ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా ఆచరణసాధ్యం కాదని చర్చను ప్రారంభిస్తారు. సగమంటే ఆఖరి నెల జీతంలో సగమా, ఆఖరి పన్నెండు నెలల సగటులో సగమా అని ఒక సభ్యుడు ధర్మసందేహం వెలిబుచ్చుతారు. దానికొక ఉపసంఘం పడుతుంది. 2070 నాటికి ఖజానా ఏమవుతుందో చూపే గీత తెర దాటి గోడ మీదకు, గోడ దాటి పైకప్పు మీదకు పాకుతుంది. వచ్చే నెల జీతాలు ఏ తారీఖున పడతాయో చెప్పలేని ఆర్థిక శాఖ, 2070 సంగతి పైసలతో సహా చెబుతుంది. సాయంత్రానికి ఉద్యోగ సంఘాల నాయకులను లోపలికి పిలుస్తారు. అప్పటికి జీడిపప్పు అయిపోయి ఉంటుంది. చర్చలు సానుకూల వాతావరణంలో జరిగాయని బయట కెమెరాల ముందు రెండు పక్షాలూ చెబుతాయి.

ఈలోగా సగానికి బదులు ఏమిస్తున్నారో చూద్దాం. సీపీఎస్ ఉద్యోగి మూల వేతనం, డీఏల మీద నెలనెలా పది శాతం కోసి ప్రాన్ అనే పింఛను ఖాతాలో వేస్తారు. ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. నెలల తరబడి కలపడం లేదని సంఘాలు మొత్తుకోవడం వేరే సంగతి. ఆ సొమ్ము మార్కెట్‌కు వెళ్తుంది. పదవీ విరమణ నాటికి ఖాతాలో ఇరవై లక్షలు పోగయ్యాయని అనుకుందాం. పన్నెండు లక్షలు చేతికి వస్తాయి. నలభై శాతం, అంటే ఎనిమిది లక్షలు పెట్టి యాన్యుటీ (బీమా సంస్థ నెలనెలా ఇచ్చే సొమ్ము) కొనుక్కోవాలి. ఏటా ఆరు శాతం చొప్పున నెలకు నాలుగు వేలు. మామూలు యాన్యుటీలో ఆ నాలుగు వేలు పదేళ్ల తర్వాత కూడా నాలుగు వేలే; కందిపప్పు ధర పెరిగినప్పుడు అది పెరగదు.

యూపీఎస్ కింద సగం ఇస్తున్నారు కదా అని కొందరు సంతోషించారు. ఇస్తారు, ఇరవై అయిదేళ్ల సర్వీసు ఉంటే. ఇరవై ఏళ్లే ఉంటే నలభై శాతం. ఉద్యోగి పది శాతం కోత మాత్రం తప్పదు. మన రాష్ట్రాలు రేపు ఈ ఇరవై అయిదేళ్ల కొలతనే తెచ్చుకుంటే ఏమవుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ మళ్లీ 2025లోనే వచ్చింది. తెలంగాణలో 2017 తర్వాత అటువంటిది 2024లో వచ్చింది. ఇరవై అయిదేళ్లకు బీఈడీ పూర్తి చేసి, కోచింగ్ సెంటర్ల పక్క అద్దె గదుల్లో జుట్టు నెరిసేదాకా నోటిఫికేషన్ కోసం కూర్చున్న మనిషికి నలభయ్యో ఏట ఉద్యోగమిచ్చి, విరమణ నాడు సర్వీసు చాలలేదనడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి? ఆ ఏళ్లు తిన్నది ఎవరు? ఆ మనిషి నిద్రపోయాడా, ప్రభుత్వం నిద్రపోయిందా?

పాత పింఛను ఖజానాకు భారమని రిజర్వు బ్యాంకు హెచ్చరించిన మాట నిజమే, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ పింఛను ప్రభువుల దయాభిక్ష కాదని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా నిజమే. భారం లెక్క ఎవరి దగ్గర మొదలుపెడతారన్నదే పేచీ.

ఉమ్మడి రాష్ట్రంలో సీపీఎస్ తెచ్చిన జీవో 653 వెలువడింది 2004 సెప్టెంబరు 22న; వర్తించింది సెప్టెంబరు 1 నుంచి. మధ్యలో చేరినవారు పాత పింఛను ఉందనుకొనే చేరారు, మూడు వారాల తర్వాత వెనక్కి నడిచి వచ్చిన తేదీకి చిక్కారు. నోటిఫికేషన్ ముందే వచ్చినా నియామకం ఆలస్యమైనవారు, అలాంటి తన ఉద్యోగులకు పాత పింఛను ఇస్తూ కేంద్రం జారీ చేసిన మెమో 57 పట్టుకొని తిరిగారు. వెనక్కి నడిచే తేదీ ఎప్పుడూ ఇంత నిర్దయగా ఉంటుందని అనుకోకండి. మాజీ ఎంపీల పింఛనును పాతిక వేల నుంచి ముప్పై ఒక్క వేలకు పెంచుతూ 2025 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. అయిదేళ్లు దాటితే ప్రతి ఏడాదికీ మరో రెండున్నర వేలు అదనం. సభలో ఎన్నాళ్లు కూర్చున్నారన్న కనీస సర్వీసు నిబంధన లేదు, ప్రాన్ ఖాతా లేదు, యాన్యుటీ లేదు, మార్కెట్ ఒడుదొడుకులు లేవు. 2013లో పింఛన్ల నియంత్రణ సంస్థకు చట్టం చేసి, ఉద్యోగుల ముసలితనాన్ని మార్కెట్‌కు అప్పగించిన సభ్యులు తమ ముసలితనాన్ని మాత్రం జాగ్రత్తగా ఖజానాలోనే దాచుకున్నారు. సాంకేతిక అంశాలు వారికి అప్పుడు బాగానే తెలిశాయి.