పేరు లేని టికెట్

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్లో, మెయిన్ లైన్ మీద పోవాల్సిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్, బండ్లను పక్కన నిలిపే లూప్ లైన్లోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు దాకా ఎదురుచూసినా 28 మృతదేహాల కోసం ఎవరూ రాలేదు. చివరికి భువనేశ్వర్‌లో అధికారులే దహనం చేయించారు. రిజర్వేషన్ ఉన్నవాళ్ల పేరు, వయసు చార్టులో ఉంటాయి. జనరల్ టికెట్ మీద పేరుండదు. ఇంజన్ వెనకా, బండి చివరా, అంటే దెబ్బ ముందు తగిలే చోట్ల ఉండే జనరల్ బోగీల్లో ఎవరు ఎక్కారో రైల్వేకు తెలియదు.

ఈ దేశంలో ప్యాసింజరు రైలును నిలబెట్టింది మాత్రం ఇలా చౌక టికెట్ మీద వెళ్లేవాళ్లే. 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణేకు 34 కిలోమీటర్లు నడిచిన తొలి బండిలో కూర్చున్నది సుమారు 400 మంది ఆహ్వానితులు. లైన్లు వేసిన బ్రిటిష్ కంపెనీల దృష్టంతా సరుకుల మీద, సైన్యం మీద ఉండేది. పెట్టుబడికి 5 శాతం రాబడి ఇప్పిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు పూడ్చింది మన పన్నుల డబ్బుతోనే. మామూలు జనం ఎక్కుతారా అని మొదట్లో సందేహపడ్డవాళ్లున్నారు. తీరా చూస్తే కిక్కిరిసింది మూడో తరగతే. ప్రయాణికుల మీద వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం తెచ్చిందీ అదే.

అందుకు వాళ్లకు దక్కిన మర్యాద ఏమిటి? బండి ఆగినప్పుడు చెంబు పట్టుకుని దిగానని, తిరిగి వచ్చేలోపే గార్డు ఈల వేస్తే పరుగెత్తి పడిపోయానని ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు 1909లో రైల్వేకు ఫిర్యాదు రాశారు. అందులోని ఇంగ్లిషు తప్పులు చూసి ఈనాటికీ నవ్వుకుంటారు. మాకు మాత్రం అందులో ఒక మనిషికి జరిగిన అవమానమే కనిపిస్తుంది. మూడో తరగతిలో తిరిగి, అక్కడి రద్దీ గురించి, మురికి గురించి గాంధీజీ 1917లో వివరంగా రాశారు. 1974లో మూడో తరగతి అన్న పేరు పోయింది గానీ చెక్కబల్లలు పోలేదు. 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే రెండో తరగతి బెర్తుల మీద రెండంగుళాల ఫోమ్ వేయించారు. రైల్వే ఘనతలు చెప్పేటప్పుడు వంతెనలు, సొరంగాల సరసన ఆ రెండంగుళాలనూ చెప్పుకోవాలి.

ఆ దారి నుంచి ఇప్పుడు పక్కకు జరుగుతున్నామని మా ఆందోళన. 2020 మార్చిలో కరోనాతో ఆగిన ప్యాసింజర్లు మళ్లీ మొదలయ్యేసరికి 'స్పెషల్' అయ్యాయి. బండి అదే, వేగమూ అదే. కనీస చార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. మళ్లీ 10కి దిగింది 2024 ఫిబ్రవరి ఆఖరులో. దాదాపు నాలుగేళ్లపాటు రోజుకూలీలు, పాలక్యాన్లు, కూరగాయల గంపలతో వెళ్లేవాళ్లు ఆ తేడా భరించారు. కొన్నిచోట్ల ఎత్తేసిన హాల్టులు తిరిగి రాలేదు. అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం ఉన్న రాయితీ అప్పుడే పోయింది. దాని ఊసే ఎత్తడం లేదు.

ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలు చేస్తున్నామని రైల్వే టికెట్ల మీదే అచ్చువేసింది. నిజమే, ఆ లోటును సరుకు రవాణా ఆదాయం పూడుస్తోంది. కానీ పది రూపాయల టికెట్టుతో పనికి వెళ్లొచ్చే మనిషి వల్ల ఊరికీ పట్నానికీ ఒనగూరేది ఆ లెక్కలోకి రాదు. వందే భారత్‌ వద్దని మేము అనడం లేదు. వేగం కావాల్సిందే. దాని కోసం ఆఫీసు వేళకు చేరాల్సిన ప్యాసింజరును లూప్ లైన్లో అరగంట నిలబెట్టడం మాకు సమ్మతం కాదు. ఆ బండిలో ఉన్నవాళ్లకు ఆలస్యమంటే ఆ పూట కూలీ పోవడం, లేదా హాజరు పట్టీలో ఎర్రగీత.

జనరల్ బోగీలు పెంచుతామని రైల్వే శాఖ చెబుతోంది. మంచిదే. ఏ బండికి ఎన్ని, ఎప్పటిలోగా అన్నది బయటపెట్టాలి. ప్యాసింజర్ల ఆలస్యాన్నీ ఎక్స్‌ప్రెస్‌ల ఆలస్యంతో సమానంగా లెక్కగట్టి ప్రకటించాలి. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో వాటిని పక్కన పెట్టాల్సి వస్తే కారణం నమోదు చేయాలి. వృద్ధుల రాయితీని కనీసం స్లీపర్, రెండో తరగతుల్లో వెంటనే తిరిగి ఇవ్వాలి. ఇంకొకటి, ఖర్చు పెద్దగా లేనిది: కౌంటర్లో జనరల్ టికెట్ కొనేవాళ్లు ఇష్టపడితే ఇంటివాళ్ల ఫోన్ నంబరు నమోదు చేసే వీలు కల్పించాలి. జరగరానిది జరిగితే కబురు చేయడానికి ఆ ఒక్క నంబరు చాలు.