బ్యాంకు నోటీసుకు లాయర్ దండగన్న మాట నమ్మకండి

హోమ్ లోన్ కట్టలేక బ్యాంకు నుంచి నోటీసు వస్తే లాయర్ దండగని ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే చెల్లదట. మరీ ముదిరితే ఊళ్లో సివిల్ కోర్టు నుంచి స్టే తెచ్చుకోవచ్చట. వేలం రోజు దాకా ఎప్పుడు డబ్బు కట్టినా ఇల్లు మనదేనట. లాయర్లు ఫీజు తినడం తప్ప చేసేదేమీ లేదట. ఇలాంటి మాటలే నమ్మి మా బాబాయి ఇల్లు పోగొట్టుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నోటీసు సంగతి. వాయిదా బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత, తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. పోస్టుమ్యాన్‌ని వెనక్కి పంపినంత మాత్రాన అది ఆగదు. తలుపుకి అంటించవచ్చు, పేపర్లో వేయించవచ్చు, అప్పుడు అందినట్టే లెక్క. బాబాయి రెండుసార్లు కవరు తిప్పి పంపారు. చివరికి వీధిలో అందరూ చదివాకే ఆయన చదివారు.

అసలు నష్టం పరువు కాదు, ఆ 60 రోజులు. ఆ గడువులో మనం రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఒప్పుకోని పక్షంలో బ్యాంకు 15 రోజుల్లోగా కారణాలతో జవాబివ్వాలి. కట్టిన వాయిదాలు జమ అయ్యాయా, వడ్డీ ఒప్పందం ప్రకారమే వేశారా, పెనాల్టీలు ఎక్కడి నుంచి వచ్చాయి అన్నవి స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పట్టుకోవాలి. ఇంకొకటి: అసలు, వడ్డీ కలిపిన దాంట్లో రావాల్సింది 20 శాతం కన్నా తక్కువైతే సర్ఫేసీ కింద చర్యే కుదరదు. ఏళ్ల తరబడి కట్టి చివర్లో చిక్కుకున్నవాళ్లకి ఈ ఒక్క ముక్క ఇల్లు నిలబెట్టొచ్చు. మనకి తెలియదు. తెలిసిన లాయర్ మొదటి రోజే అడుగుతారు.

సివిల్ కోర్టు స్టే మాట ఇంకా ప్రమాదం. ఇలాంటి దావాలు సివిల్ కోర్టు విచారించకూడదని సర్ఫేసీ చట్టం 34వ సెక్షనే చెబుతోంది. మోసం జరిగిందని చూపించే అరుదైన కేసులకే మినహాయింపు. బ్యాంకు స్వాధీనం నోటీసు ఇచ్చాక వెళ్లాల్సింది బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్ డీఆర్‌టీకి, అదీ 45 రోజుల్లోగా. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఆ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. బాబాయి మాత్రం సివిల్ దావా వేసి వాయిదాలకు తిరిగారు. అది చెల్లదని కొట్టేసేసరికి 45 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. డీఆర్‌టీలో ముందే 75 శాతం కట్టాలని ఇప్పటికీ కొందరు భయపెడతారు. ఆ నిబంధనను 2004లోనే మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే స్టే కావాలంటే కొంత కట్టమని ట్రిబ్యునల్ అడగడం మామూలే, దానికి సిద్ధపడే వెళ్లాలి.

వేలం రోజు దాకా టైముందన్నది ఒకప్పటి మాట. 2016లో చట్టం సవరించారు. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడే లోపే మొత్తం బాకీ కట్టాలి. 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బంగారం అమ్మో, చుట్టాల దగ్గర సర్దుకునో కడదామని ఆగినవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఫీజు గురించి చెప్పిన దాంట్లో కొంత నిజముంది. వేలం గ్యారంటీగా ఆపేస్తానని డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. ఏ లాయరూ అప్పు మాఫీ చేయించలేరు, కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకునే వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఇచ్చి తీరాలని బ్యాంకుని బలవంతపెట్టలేరు. కాబట్టి డీఆర్‌టీలో రోజూ కేసులు చూసేవాళ్లనే వెతకండి, ఫీజు ముందే మాట్లాడుకోండి, కేసు వేశాక నంబరు అడిగి తీసుకోండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100 నంబరుకి ఫోన్ చేసినా దారి చెబుతారు.

వెళ్లేటప్పుడు లోన్ అగ్రిమెంట్, స్టేట్‌మెంట్, కట్టిన రసీదులతో పాటు నోటీసు వచ్చిన కవరు కూడా తీసుకెళ్లండి. దాని మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉంటుంది.