వలసకూలీ వేషంలో దొరబిడ్డలు

న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు ఫ్రాన్సువా హ్యూబర్ డ్రూయె 1758లో గీసిన తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. అందులో ఉన్నది షువాజల్ అనే ఫ్రెంచి దొరల వంశపు అన్నదమ్ములు. పెద్దవాడికి ఆరేళ్లు కూడా సరిగా నిండాయో లేదో, చిన్నవాడు ఇంకా పసివాడు. వేసుకున్నది మాత్రం సవోయ్ వలసకూలీల వేషం.

ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ అప్పట్లో సార్డీనియా రాజ్యంలో ఉండేది. పొలాలను మంచు కప్పేయగానే మగవాళ్లు, వాళ్ల వెంట పిల్లలు, పారిస్ దారి పట్టేవారు. బూట్లు తుడిచేవారు, వీధుల్లో వాద్యం వాయించి చిల్లర అడిగేవారు. పొగగొట్టాలు ఇరుకు కాబట్టి లోపలికి దూరి మసి గీకే పని పసివాళ్లకే పడేది. కూడబెట్టింది ఇంటికి పంపేవారు. అందుకే సవోయ్ పిల్లవాడంటే కన్నవారిపై భక్తికి మారుపేరయ్యాడు. గొప్పింటివారు తమ కొడుకులకు ఆ వేషం కట్టించింది ఆ మంచిపేరు కోసమే.

పిల్లల బుగ్గలకు గులాబీ రంగు అద్దడంలో డ్రూయెకు సాటివచ్చేవారు తక్కువ. చూస్తే ముద్దొస్తుంది. కానీ ఆ చేతులకు మసి అంటలేదు. నిజంగా పొగగొట్టంలో దూరిన పిల్లవాడి పేరు ఏ చట్రం కిందా లేదు. నన్ను బాధించేది ఇదే: కష్టం ఒకరిది, కీర్తి మరొకరిది. ఆ పెద్దవాడే తర్వాత కాన్‌స్టాంటినోపుల్‌లో ఫ్రాన్సు రాయబారి అయ్యాడు, ఫ్రెంచి విప్లవం వచ్చాక రష్యాలో తలదాచుకున్నాడు. పరాయి దేశంలో బతకడమంటే ఏమిటో అప్పుడు తెలిసే ఉంటుంది.

మన ప్రవాస తెలుగు సంఘాల సంచికలు తిరగేస్తే నాకు ఆ చిత్రమే కళ్లముందు మెదులుతుంది. సంక్రాంతి వేదికపై మన పిల్లలు రైతు వేషం కడతారు, మనం మురిసిపోతాం. తప్పేమీ లేదు. కానీ ఊరికి డబ్బు పంపేది మనం మాత్రమే కాదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి కుదిరిన ఆడవాళ్లు కూడా పంపుతున్నారు. మన పుటల్లో వాళ్ల ముఖాలు ఎక్కడ?

వచ్చే ప్రత్యేక సంచికలో దాతల ఫోటోలకు ఇచ్చినన్ని పేజీలు వాళ్లకూ ఇవ్వాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. వాళ్ల మాటలు వాళ్లవిగానే, వాళ్లు ఒప్పుకుంటే పేరుతో సహా అచ్చువేయండి. ఫోన్ చేసి రాసుకునే పని నేను చేస్తాను.