సూచన మాత్రమే!

చట్టసభలతో మనకిక పనిలేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. బిల్లు, చర్చ, వాకౌట్, ఓటింగు... ఎందుకండీ ఇంత ప్రయాస? ‘ఇందుమూలంగా తెలియజేయడమేమనగా’ అని ఓ కాగితం టైపు కొట్టించి సంతకం పెడితే పోలా? జనం పాటిస్తే మన ఘనత. ఎవరైనా నిలదీస్తే ‘సూచన మాత్రమే’.

పాటల విషయంలో ఢిల్లీ ఈ విద్యలో ఆరితేరింది. రేడియో, టీవీల కోసం రాసిన కాపీరైట్ చట్టం 31డి సెక్షన్ ఇంటర్నెట్‌కూ వర్తిస్తుందని 2016లో ఓ మెమో ఇచ్చారు. అంటే హక్కుదారు ఒప్పుకోకపోయినా, నిర్ణయించిన రేటు కట్టి పాట వాడుకోవచ్చన్నమాట. ఆ మెమోకు చట్టబలం లేదు పొమ్మంది 2019లో బొంబాయి హైకోర్టు. అదే ఏడాది, పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ అక్కర్లేదంటూ ఇంకో నోటీసు. 2022లో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. 2023 జులైలో మళ్లీ ఇచ్చారు! పట్టుదలంటే అదీ.

నిజానికి పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లి వేడుకలకీ చట్టంలో మినహాయింపు ఎప్పటినుంచో ఉంది. హోటల్లో డీజే పెట్టి చేసే సంగీత్ పెళ్లి కిందికొస్తుందా, వ్యాపారం కిందికొస్తుందా అన్నదే పేచీ. అది సభలో తేల్చాలంటే పాట కట్టినవాళ్లను కూడా పిలిచి అడగాలి. ఎంత తలనొప్పి!

బెజవాడలో ఓ ఫంక్షన్ హాల్ మేనేజరుగారి దగ్గర రెండు ఫైళ్లున్నాయి. ఒకదాంట్లో ఢిల్లీ నోటీసు, రెండోదాంట్లో మ్యూజిక్ కంపెనీ పంపిన లాయరు నోటీసు. ‘పెళ్లివారికి రెండోది చూపిస్తానండి, కంపెనీవాళ్లొస్తే మొదటిది’ అన్నారు. లైసెన్సు ఖర్చని వసూలు చేసింది ఏ ఫైల్లోకి వెళ్తుందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

యూరప్‌వాళ్లు మనకంటే ఘనులు. ఆన్‌లైన్ సంగీతం లైసెన్సులపై 2005లో అక్కడి ప్రభుత్వం లాంటి యూరోపియన్ కమిషన్ ఓ ‘సిఫార్సు’ వదిలింది. మమ్మల్ని అడగరా అని యూరోపియన్ పార్లమెంటు 2007లో నొచ్చుకుంది. సభ ఆమోదంతో అసలు చట్టం రావడానికి 2014 అయింది.

మనదగ్గర 2012లో మాత్రం పాతకాలపు పొరపాటొకటి జరిగిపోయింది. సినిమా హాలు బయట పాట వాడితే వచ్చే రాయల్టీలో రచయిత, సంగీత దర్శకుల వాటాను వారి వారసులు, కాపీరైట్ సొసైటీ తప్ప ఇంకెవరూ తమ పేర రాయించుకోలేరని పార్లమెంటే సవరణ చేసింది. చర్చించి మరీ!

ఈ సూచనల పద్ధతిని గుంటూరు మిర్చి యార్డుకూ విస్తరించాలని నా మనవి. మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపించుకున్నాక రైతుకు డబ్బివ్వడం సూచన మాత్రమే అందాం. పాట కట్టినవాడికి సరిపోయింది, పంట పండించినవాడికి సరిపోదా? ఆ నోటీసు యార్డు గేటుకు అంటించే ధైర్యవంతులు కావాలి. హెల్మెట్ ఎవరిది వారే తెచ్చుకోవాలి.