కోఆర్డినేటర్ అంటే ఏ కోఆర్డినేటర్?

మెల్‌బోర్న్ శివార్లలో ఉంటున్న నాకు తెలిసిన ఒక తల్లి ఫోనులో ‘ఎన్‌డీఐఎస్ కోఆర్డినేటర్’ అనే పేరుతో మూడు నంబర్లు ఉన్నాయి. ఎన్‌డీఐఎస్ అంటే ఆస్ట్రేలియా జాతీయ వికలాంగుల బీమా పథకం. ఒకటి, రెండు, మూడు అని చివర అంకెలు తగిలించుకున్నారు. పన్నెండేళ్ల కొడుకుకు ఆటిజం. స్పీచ్ థెరపీకి ఇచ్చిన గంటలు చాలడం లేదని, పెంచమని ఆరు నెలలుగా రెండో నంబరుకు ఫోన్ చేస్తున్నారు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా ‘చూద్దామండీ’ అంటున్నాడు. పెంచే అధికారం అతనికి లేదు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఈమె అడగలేదు. మాట్లాడిన ప్రతిసారీ గంటకు వంద డాలర్ల లెక్కన డబ్బు మాత్రం ఆ పిల్లవాడి ప్లాన్‌లోంచే, అంటే పథకం అతనికి మంజూరు చేసిన నిధిలోంచే ఖర్చయింది.

ఈ పథకం 2013 నాటి చట్టంతో మొదలైంది. నేడు ఆరు లక్షలకు పైగా ప్రజలు దాని పరిధిలో ఉన్నారు. 65 ఏళ్లు నిండకముందే చేరాలి. పౌరసత్వమో శాశ్వత నివాస హక్కో ఉండాలి కాబట్టి, తాత్కాలిక వీసాల మీద ఉన్న మన కుటుంబాలు చాలావరకు గడప బయటే ఆగిపోతాయి. గడప దాటినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఈ కోఆర్డినేటర్ల గుంపు. హోదాల పేర్లు బట్టీ పట్టి లాభం లేదు. ఈ మనిషికి జీతం ఎవరిస్తున్నారు, ఇతని చేతిలో ఉన్న నిర్ణయం ఏమిటి అని కనుక్కుంటే సగం గందరగోళం పోతుంది.

మొదటి నంబరు ఎల్‌ఏసీది, అంటే లోకల్ ఏరియా కోఆర్డినేటర్. తొమ్మిదేళ్లు నిండినవారికి ప్లాన్ వేసేటప్పుడు వివరాలు సేకరించేది ఎక్కువగా వీరే. అంతకంటే చిన్న పిల్లలకు వేరే భాగస్వామ్య సంస్థలున్నాయి. ఎల్‌ఏసీ ప్రభుత్వోద్యోగి కాదు, ప్రభుత్వం కాంట్రాక్టు ఇచ్చిన సంస్థలో ఉద్యోగి. అతని జీతానికీ మీ ప్లాన్‌కూ సంబంధం లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీకు పైసా ఖర్చు కాదు. ప్లాన్‌ను ఆమోదించే సంతకం మాత్రం అతనిది కాదు, పథకాన్ని నడిపే ఎన్‌డీఐఏ అనే ప్రభుత్వ సంస్థ అధికారిది.

ఈ ఉద్యోగానికి ఒక చరిత్ర ఉంది. 1988లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆల్బనీ అనే ఊళ్లో ఇది పుట్టింది. మేధోవైకల్యం ఉన్నవారు సేవల కోసం అయినవాళ్లను వదిలి పెర్త్ వెళ్లక్కర లేకుండా, అదే ఊళ్లో ఉండే ఒక మనిషి కొద్ది కుటుంబాలను దగ్గరగా ఎరిగి, ఇరుగుపొరుగుతో, బడితో, క్లబ్బుతో వారిని కలపాలన్నది ఆలోచన. జాతీయ పథకం ఆ పేరును తెచ్చుకుంది కానీ పనిని మార్చేసింది. ప్లాన్లు తయారుచేయడంలోనే ఎల్‌ఏసీల సమయం హరించుకుపోతోందని, జనాన్ని సమాజంతో కలిపే అసలు పని వెనకబడిందని 2017లోనే ప్రభుత్వ సలహా సంస్థ అయిన ఉత్పాదకత కమిషన్ చెప్పింది. ఊరి మనిషి కావలసినవాడు ఫారాలు నింపే మనిషయ్యాడు. నా దృష్టిలో పథకం పోగొట్టుకున్న విలువైన వస్తువు ఇదే. ఆ ఖాళీలోకే రెండో నంబరు వచ్చింది.

ఆ రెండో నంబరు సపోర్ట్ కోఆర్డినేటర్‌ది. మంజూరైన డబ్బుతో ఎవరి సేవలు తీసుకోవాలో వెతికిపెట్టడం, ఒప్పందాలు కుదర్చడం, ఒకరు మానేస్తే మరొకరిని చూడడం, క్రమంగా ఈ పనులన్నీ మీరే చేసుకునేలా నేర్పడం అతని బాధ్యత. ఇందులో మూడు స్థాయులు. సాధారణంగా దొరికేది రెండోది, గంటకు గరిష్ఠంగా 100.14 డాలర్లు. చిక్కుముడి కేసులకు వచ్చే మూడోదానికి 190 డాలర్ల పైచిలుకు. ఏడాదికి 24 గంటలు మంజూరయ్యాయనుకుందాం. అంటే 2,403 డాలర్లు, నెలకు రెండు గంటలు. వినడానికి బాగానే ఉంటుంది. బిల్లు చూస్తే తెలుస్తుంది: ఫోన్ పదిహేను నిమిషాలు, ఈమెయిల్ చదివి జవాబివ్వడం ఇరవై నిమిషాలు, థెరపిస్టుకు మరో ఈమెయిల్ పది నిమిషాలు. ‘ఎలా ఉన్నారండీ’ అన్న పలకరింపు కూడా మీటరు తిరుగుతుండగానే జరుగుతుంది. ఇందులో మోసమేమీ లేదు, అతని శ్రమ అది. ఎల్‌ఏసీని ఉచితంగా అడగగలిగిన ప్రశ్నను ఇతన్ని అడగడమే దండగ.

దీనికంటే లోతైన ఇబ్బంది మరొకటి ఉంది. సపోర్ట్ కోఆర్డినేటర్ పనిచేసే సంస్థే థెరపీ, ఇంటి సహాయకుల సేవలు కూడా అమ్ముతుంటే? నాలుగు చోట్ల విచారించి చెప్పవలసినవాడు సొంత దుకాణమే చూపించే ప్రమాదం ఉంది. ప్రయోజనాల వైరుధ్యాన్ని ముందే చెప్పాలన్న నియమం ఉంది. ఒప్పందం అడుగున ఒక వాక్యంగా ఉండి, చదవకుండా సంతకం పెట్టేస్తే అది చెప్పినట్టా, చెప్పనట్టా?

మానసిక ఆరోగ్య సమస్యలున్నవారికి 2020 నుంచి, కోలుకోవడానికి తోడుండే రికవరీ కోచ్ అనే మరో పాత్ర వచ్చింది. మూడో నంబరు వ్యక్తి నిజానికి కోఆర్డినేటరే కాదు, ప్లాన్ మేనేజర్. బిల్లులు చెల్లించి లెక్క రాయడం వరకే అతని పని. నిర్ణయం మీద పోరాడాలంటే వీరెవరూ కాదు, అడ్వొకేట్ కావాలి. ఇక్కడ ఆ మాటకు లాయరు అని కాదు, మన తరఫున మాట్లాడే మనిషి అని అర్థం. ప్రభుత్వ నిధులతోనే నడిచే ఉచిత అడ్వొకసీ సంస్థలున్నాయి. నిర్ణయాన్ని సమీక్షించమని కోరడానికి గడువు, అది అందాక మూడు నెలలు.

మనవాళ్లు ఇక్కడ తడబడడానికి కారణం భాష ఒక్కటే కాదు. ‘ఎవరిని పట్టుకుంటే పని అవుతుంది’ అనేది మనం కలెక్టరేట్ వరండాల్లో నేర్చుకున్న ప్రశ్న. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చినవాడు అధికారే అయి ఉంటాడనుకుంటాం. అతనికి కోపం తెప్పిస్తే ప్లాన్ కోసేస్తారని భయపడతాం. సపోర్ట్ కోఆర్డినేటర్‌ను నియమించుకున్నది మనమే, నచ్చకపోతే మార్చుకోవచ్చు అన్న ఊహే రాదు.

2023 డిసెంబరులో వెలువడిన పథకం సమీక్షా నివేదిక ఎల్‌ఏసీ, సపోర్ట్ కోఆర్డినేటర్, రికవరీ కోచ్ పాత్రల స్థానంలో ‘నావిగేటర్’ వ్యవస్థ తేవాలంది. సేవలమ్మే సంస్థలతో సంబంధం లేని, స్థానికంగా ఉండే మనిషి. ఆల్బనీ ఆలోచనే చుట్టూ తిరిగి వచ్చిందనిపిస్తుంది. ఆ మేరకు నేను స్వాగతిస్తాను. అయితే మనకు నచ్చిన కోఆర్డినేటర్‌ను ఎంచుకునే స్వేచ్ఛ తగ్గి, మళ్లీ కాంట్రాక్టు సంస్థ పంపిన మనిషితో సరిపెట్టుకోవలసి వస్తే? తెలుగు మాట్లాడే కోఆర్డినేటర్‌ను వెతికి పట్టుకున్న కుటుంబాలకు ఇది చిన్న నష్టం కాదు.

ఆ తల్లి ఫోనులో ఇప్పుడు పేర్లు మారాయి. ముందుగా ఆమె పలకరించింది ఇన్నాళ్లూ పట్టించుకోని మూడో నంబరును. ఆరు నెలల బిల్లులన్నీ ఆ ప్లాన్ మేనేజర్ దగ్గరే ఉన్నాయి. వాటిని బల్ల మీద పరిచి పసుపు గీతలు పెట్టుకున్నారు. తర్వాత స్పీచ్ థెరపిస్టును నివేదిక అడిగారు. పాత నిర్ణయం మీద సమీక్ష గడువు దాటిపోయింది కాబట్టి, ప్లాన్‌నే మార్చమని కోరే దరఖాస్తు ఎలా రాయాలని మొదటి నంబరుకు ఫోన్ చేశారు. నలభై నిమిషాలు మాట్లాడారు, బిల్లు రాలేదు.