వేలి కదలికతో తేలని ప్రశ్న

స్వేచ్ఛా సంకల్పం, అంటే మన నిర్ణయాలు మనమే తీసుకోగలగడం, ఒట్టి భ్రమ అనేవారు తరచూ చూపే సాక్ష్యం అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం. మనసుకు తోచినప్పుడు చేతిని కదపమని, కదపాలని అనిపించిన క్షణాన్ని గడియారంలా తిరిగే చుక్కను చూసి గుర్తుంచుకోమని ఆయన కొందరిని అడిగారు. చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే వారి మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలన్న ఎరుక కలిగింది మాత్రం సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. నిర్ణయం మెదడుది, మనది కాదు అని ఎందరో తీర్మానించేశారు.

మెదడు వేరు, మనం వేరు అని ముందే అనుకుంటే తప్ప ఈ తీర్మానం నిలవదు. పైగా ఆ సంకేతం నిర్ణయమేనా అన్నదీ సందేహమే. మెదడు విద్యుత్ చర్యలో సహజంగా ఉండే ఒడిదుడుకులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందని, కదలిక నుంచి వెనక్కి లెక్కించి సగటు తీయడం వల్లనే అది ముందస్తు సన్నాహంలా కనిపిస్తుందని 2012లో ఆరన్ షర్గర్ బృందం వాదించింది. 2019లో ఊరీ మావోజ్ బృందం ఇంకో అడుగు వేసింది. రెండు సేవాసంస్థల్లో దేనికి వెయ్యి డాలర్ల విరాళం దక్కాలో ఆలోచించి ఎంచుకోమన్నప్పుడు ఆ సంకేతం దాదాపు కనిపించలేదు. ఏది ఎంచుకున్నా ఫలితం ఒకటే అయినప్పుడు స్పష్టంగా కనిపించింది. ఏ కారణమూ లేకుండా చెయ్యి కదపడాన్ని కొలిచి, మనిషి తన బతుకు గురించి తీసుకునే నిర్ణయాలపై తీర్పు చెప్పడం తొందరపాటు.

అణువుల స్థాయిలో కొన్ని ఘటనలు ముందే నిర్ణయం కావు, స్వేచ్ఛకు చోటు అక్కడే ఉందని కొందరంటారు. కానీ ఈ క్వాంటం అనిశ్చితి కూడా ఇక్కడ ఆదుకోదు. యాదృచ్ఛికంగా జరిగినది నా నిర్ణయం ఎలా అవుతుంది? నా దృష్టిలో స్వేచ్ఛ అంటే కారణాలు లేకపోవడం కాదు. మంచిచెడులు తూచి, ఆ తూకం ప్రకారం నడుచుకోగల సామర్థ్యం. అది మెదడు పనే. దాన్ని శాస్త్రం పరిశీలించగలదు, అది దెబ్బతింటే చూపించనూగలదు.

అమెరికాలోని వర్జీనియాలో 2000లో వెలుగులోకి వచ్చిన కేసు ఇందుకు నిదర్శనం. నలభై ఏళ్ల వ్యక్తిలో పిల్లలపై లైంగిక వాంఛ కొత్తగా తలెత్తింది. అది తప్పని అతనికి తెలుసు, అయినా ఆపుకోలేకపోయాడు. మెదడు ముందుభాగంలోని కణితిని తొలగించాక ఆ వాంఛ పోయింది. కణితి తిరిగి పెరిగినప్పుడు మళ్లీ వచ్చింది.

మన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ మతిస్థిమితం కోల్పోయిన నిందితుడి విషయంలో అడిగేది, చేస్తున్న పని స్వభావమో, అది తప్పనో తెలుసుకోగలిగాడా అని మాత్రమే. తనను తాను అదుపు చేసుకోగలిగాడా అని అడగదు. ఆ రెండో ప్రశ్నకూ చట్టంలో చోటు ఇవ్వాలి.