అడవి లాడ్జ్‌లో జమాఖర్చుల పుస్తకం ఎవరి దగ్గర?

పెరూ దేశపు అమెజాన్ అడవిలో, తంబోపాటా నది ఒడ్డున ఒక ఊరు ఉంది. పేరు ఇన్ఫియెర్నో. స్పానిష్ భాషలో ఆ మాటకు నరకం అని అర్థం. ఆ నరకానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం డాలర్లు పోసి మరీ వెళ్తున్నారు. అక్కడ పొసాదా అమెజోనాస్ అనే లాడ్జ్ ఉంది. దాని గదులకు మూడు వైపులే గోడలు, నాలుగో వైపు అడవి. అతిథులు దోమతెర కింద పడుకుని రాత్రంతా కప్పల అరుపులు వింటారు. తెల్లవారుతూనే చెట్ల తలల కంటే ఎత్తయిన మంచె ఎక్కి మకావ్ చిలుకల గుంపులను చూస్తారు. జన్మ ధన్యమైందనుకుని తిరిగి వస్తారు.

వాళ్లు పెట్టే ఫొటోలు నేనూ చూస్తాను, ముచ్చటగానే ఉంటాయి. చిక్కల్లా ఆదివాసీలు నడిపే ఎకోలాడ్జ్‌ల గురించి మనం చదివే రాతలన్నీ ఆ ఫొటోల దగ్గరే ఆగిపోవడం. ప్రకృతి ఒడి, అమాయక ఆతిథ్యం, మట్టి వాసన... మాటలు మారవు, దేశాలే మారతాయి. చిలుకల వర్ణన వాళ్లకే వదిలేసి నేను ఆ లాడ్జ్ జమాఖర్చుల పుస్తకం గురించి రాస్తాను.

1996లో ఇన్ఫియెర్నో ఊరివాళ్లు రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే కంపెనీతో 20 ఏళ్ల ఒప్పందం రాసుకున్నారు. లాభంలో 60 శాతం ఊరిది, 40 శాతం కంపెనీది. నిర్ణయాల్లో చెరి సగం. గడువు తీరాక లాడ్జ్ ఊరి ఆస్తి. 1998లో మొదటి అతిథులు దిగారు. ఊరు ఎన్నుకున్న కమిటీ కంపెనీ మనుషులకు ఎదురుగా కూర్చుని లాడ్జ్ వ్యవహారాలు తేల్చేది. లాభంలో కుటుంబాలకు పంచగా మిగిలింది ఊరి ఉమ్మడి పనులకు ఉంచుకునేవారు.

కంపెనీ 60 శాతం ఎందుకు ఒప్పుకుంది? దాని మంచితనాన్ని నేను తక్కువ చేయను గానీ, అసలు సంగతి ఆ అడవి ఊరిది కావడం. 1974లో పెరూ ప్రభుత్వం అమెజాన్ ఆదివాసీ సముదాయాలకు భూమి హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది. 1976లో ఇన్ఫియెర్నోకు దాదాపు పది వేల హెక్టార్లకు సామూహిక పట్టా వచ్చింది. లాడ్జ్ ఒప్పందానికి సరిగ్గా ఇరవై ఏళ్ల ముందు! కంపెనీ వచ్చేసరికి ఊరి చేతిలో కాగితం ఉంది. కాగితం ఉన్నవాడు బేరానికి కూర్చుంటే గొంతు ఎలా ఉంటుందో, లేనివాడి గొంతు ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఏ కౌలు రైతును అడిగినా చెబుతాడు.

మరో మాట. ఆ ఊళ్లో ఉన్నదంతా ఎసె ఎహా ఆదివాసీలే అనుకుంటే పొరపాటు. ఆండీస్ కొండల నుంచి దిగి వచ్చినవాళ్లు, నది ఒడ్డున ఎప్పటి నుంచో ఉంటున్న మిశ్రమ జాతివాళ్లు కూడా అదే పట్టా కింద ఉన్నారు. ఈకల కిరీటం పెట్టుకున్న ఆదివాసీ కోసం వెతుక్కునే పర్యాటకుడికి ఇది నిరాశే. అతని నిరాశ మనకు అనవసరం.

ఇక ఈక్వడార్. అన్యాంగు అనే కిచ్వా సముదాయం యసూని జాతీయ వనంలో నాపో వైల్డ్‌లైఫ్ సెంటర్ అనే లాడ్జ్ నడుపుతోంది. మొదట్లో బయటి సంస్థ తోడుంది. 2007 నుంచి మొత్తం సముదాయానిదే. అక్కడికి వెళ్లే దారిని కాస్త దగ్గరగా చూడాలి. కోకా అనే చమురు పట్టణంలో మోటారు పడవ ఎక్కితే నాపో నది మీద రెండు గంటల పైచిలుకు ప్రయాణం. చమురు బార్జీలు ఎదురవుతుంటాయి. ఒడ్డున గ్యాసు మండిస్తున్న గొట్టాలు కనిపిస్తాయి. తర్వాత ఒక పిల్లవాగు నదిలో కలిసే చోట ఆ పడవ దిగి తెడ్ల పడవలోకి మారాలి. వాగులోకి మోటారుకు అనుమతి లేదు, అది సముదాయం పెట్టుకున్న కట్టుబాటు. ఆకులు నాని నాని నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. సముదాయం మనుషులు ముందొకరు, వెనకొకరు కూర్చుని తెడ్లు వేస్తారు. కొమ్మలు తలకు తగిలేంత కిందికి వంగిన చోట అతిథులే తలలు వంచాలి. దాదాపు రెండు గంటలకు చెట్లు పక్కకు తప్పుకున్నట్టై సరస్సు తెరుచుకుంటుంది. ఆవలి ఒడ్డున ఆకు కప్పుల కుటీరాలు.

మోటారు పెడితే ఆ రెండు గంటల దూరం ఎంతసేపు? మన పర్యాటక అధికారి ఎవరికైనా ఆ వాగు అప్పగిస్తే మొదటి వారంలోనే స్పీడు బోటు దించి, గట్టు మీద సెల్ఫీ పాయింట్ కట్టించేవారు. అన్యాంగు వాళ్లు ఆ పని చేయలేదు. చప్పుడు లేని వాగులో నీటికుక్కలు నిలుస్తాయని, నీటికుక్కలు నిలిస్తే అతిథులు వస్తారని వాళ్ల లెక్క. ఆ లెక్క కోసమే తమ అడవిలో వేట మానుకున్నారు. వేటగాళ్ల బిడ్డలు వేట మానడం చిన్న విషయం కాదు. అటవీ శాఖ గార్డు లాఠీ పట్టుకుని మాన్పించింది కాదది, సభలో కూర్చుని వాళ్లే తేల్చుకున్నది. లాడ్జ్ ఆదాయంతో వాళ్ల పిల్లలకు బడి, ఊరికి వైద్యం నడుస్తున్నాయి.

కిచ్వా ఇళ్లలో ఇంకా చీకటి ఉండగానే లేచి, గ్వాయూసా అనే ఆకు కాచిన నీళ్లు తాగుతూ, రాత్రి వచ్చిన కలలు ఒకరికొకరు చెప్పుకునే ఆచారం ఉంది. కల విని పెద్దవాళ్లు దాని అర్థం చెబుతారు, ఆ రోజు వేటకు వెళ్లవచ్చో లేదో కూడా. ఇప్పుడు అతిథులనూ పక్కన కూర్చోబెట్టుకుని ఒక కప్పు అందిస్తున్నారు. దీన్ని చూసి కొందరు మేధావులు సంస్కృతిని అంగట్లో పెట్టారని వాపోతారు. విమానం ఎక్కి అడవిని కాపాడటానికి వెళ్లడం ఏమిటి, ఆ పొగ లెక్కలోకి రాదా అని మరికొందరు. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోతే ఈ లాడ్జ్‌ల గతి ఏమైందని ఇంకొందరు. ప్రశ్నలు న్యాయమైనవే. పొగ పొగే, దానికి నా దగ్గర జవాబు లేదు. పర్యాటకం మీదే బతకడం ప్రమాదమే. కానీ భూమి ఉన్నవాళ్లు ఆ ఏడాది కర్రపెండలం తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికారు. భూమి లేని హోటలు కార్మికులు ఏం తిని బతికారో ఈ విమర్శకులు చెప్పరు. ఇక సంస్కృతి అమ్మకం సంగతి. అమ్మాలా వద్దా, ఎంతవరకు చూపించాలి, ఎక్కడ తెర దించాలి అన్నది ఇంటివాళ్ల ఇష్టం. తెర తాడు వాళ్ల చేతిలో ఉందా లేదా అన్నదే నేను అడిగేది.

యసూని అడవి కింద చమురు ఉంది. 2007లో అప్పటి అధ్యక్షుడు రఫాయెల్ కొరెయా ప్రపంచం ముందు ఒక బేరం పెట్టారు. యసూనిలోని ఐటీటీ అనే భాగంలో చమురు తీయకుండా వదిలేస్తాం, దాని విలువలో సగం, 360 కోట్ల డాలర్లు, మీరు ఇవ్వండి అని. ఆరేళ్లు గడిచాక చూసుకుంటే చేతికి అందింది దాదాపు కోటీ 30 లక్షల డాలర్లు. లెక్క వేసి చూడండి, అడిగిన దాంట్లో అర శాతం కూడా లేదు. ఒక్క హెక్టారులో 600కు పైగా చెట్ల జాతులున్న అడవి ఇది. దాన్ని కాపాడాలని ప్రతి సదస్సులో కన్నీరు పెట్టుకునే దేశాలు జేబులోంచి తీసింది అంతే. 2013లో కొరెయా ఆ పథకాన్ని ఎత్తేశారు. 2016లో చమురు పైకి వచ్చింది.

తర్వాత 2023 ఆగస్టు 20న ఈక్వడార్ ప్రజలు ఓటు వేశారు. దాదాపు 59 శాతం మంది ఐటీటీ చమురును భూమిలోనే ఉంచాలన్నారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఆ చప్పట్ల మధ్య చాలామందికి వినిపించని సంగతి ఒకటుంది. యసూని ఉన్న ఒరెయానా ప్రావిన్సులో మాత్రం ఎక్కువ ఓట్లు చమురు వైపే పడ్డాయి. రాజధాని నగరంలో ఉన్నవాడు అడవికి ఓటేస్తే, అడవి అంచున ఉన్నవాడు చమురుకు ఓటేశాడు. వాడికి బుద్ధి లేకనా? వాడికి తెలిసిన జీతం, తెలిసిన రోడ్డు, తెలిసిన కాంట్రాక్టు చమురు కంపెనీవే. అడవి నిలబడి ఉంటే నెలకు ఇంటికి ఎంత వస్తుందో చూపించే పుస్తకం వాడి ఊళ్లో లేదు. అన్యాంగులో ఉంది. చమురు ఏజెంటు వచ్చి అంకె చెప్పినప్పుడు తిప్పి చెప్పడానికి వాళ్ల దగ్గర ఇంకో అంకె ఉంది. సదస్సులు ఆరేళ్లు జోలె పట్టినా కూడని ధైర్యం ఆ ఊరికి మంచానికి ఇంత అని రాత్రి అద్దె రాసుకుంటూ పోయిన పుస్తకం ఇచ్చింది.

పుస్తకం చేతికి వచ్చినంత మాత్రాన లెక్కలు వాటంతట అవే రావు. ఈక్వడార్‌లోనే అచువార్ జాతి భూముల్లో కపావి అనే లాడ్జ్ ఉంది. రోడ్డు లేదు, చిన్న విమానంలో వెళ్లాలి. ఇనుప మేకు ఒక్కటి వాడకుండా అచువార్ పద్ధతిలో కట్టారు. 1996లో మొదలైంది. కట్టిన కంపెనీ 2008లో, అనుకున్న గడువు కంటే ముందే, అచువార్ వాళ్లకు అప్పగించింది. ఆ తర్వాత నిలదొక్కుకోవడానికి వాళ్లు చాలా కష్టపడ్డారు. అతిథులను రప్పించడం, విమానాల ఖర్చు, బుకింగులు, ఇవన్నీ అడవి నేర్పే విద్యలు కావు. చూశారా, ఆదివాసీలకు వ్యాపారం చేతకాదు అనేవాళ్లకు ఇది దొరికింది. మరి బొలీవియాలో చలలాన్ లాడ్జ్‌ను 2001లో చేతికి తీసుకుని సొంతంగా నడిపిన సాన్ హొసే ఊరివాళ్ల సంగతి వాళ్లు ఎందుకు చెప్పరు? ఇన్ఫియెర్నో వాళ్లు 20 ఏళ్ల గడువు పెట్టుకున్నది ఎందుకు? పక్కన కూర్చుని నేర్చుకోవడానికే. నేర్చుకునే వ్యవధి కావాలంటే సరే. ఆ వంకతో పుస్తకం ఎప్పటికీ ఇవ్వకపోతే దాన్ని శిక్షణ అనరు.

మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా అదే కాబట్టి ఇంత దూరం వెళ్లి ఇదంతా చెప్పాను. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా పైకి వెళ్తే మారేడుమిల్లి. అమెజాన్ లాంటి వర్షారణ్యం కాదు గానీ తూర్పు కనుమల్లో కళ్లు చల్లబడే చోటు. అక్కడ వాలమూరు వాగు దగ్గర అడవి విడిది ఉంది. స్థానిక ఆదివాసీలతో వన సంరక్షణ సమితి నడుపుతున్న పర్యాటకం అని చెబుతారు. ఉన్నంతలో మంచి పనే, కొండరెడ్ల ఇళ్లకు నాలుగు రూపాయలు వచ్చాయి. కానీ ఆ సమితిని ఏర్పాటు చేసింది ఎవరు? అటవీ శాఖ. భూమి ఎవరిది? అటవీ శాఖదే. ఇన్ఫియెర్నోలో కంపెనీ ఊరి గడప తొక్కింది. ఇక్కడ ఊరే శాఖ గడప తొక్కాలి.

చట్టాలకు మనకు కొదవ లేదు. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి దక్కకూడదని 1/70 చట్టం ఉంది. 1997 నాటి సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకు ఇవ్వకూడదని, గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజలకు ఖర్చు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. అటు 60 శాతం, ఇటు 20 శాతం. అదైనా ఏ గిరిజన ఇంటి గుమ్మం దాకా వచ్చిందో చూపించండి. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఊరి ఉమ్మడి అడవి మీద హక్కు గ్రామసభదే అంది. మనవాళ్లు ఏం చేశారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామసభ పేరిట ఇవ్వాల్సిన సామూహిక హక్కు పత్రాలను చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరిట రాసి చేతులు దులుపుకున్నారు. కుడి చేత్తో ఇచ్చి ఎడమ చేత్తో తీసుకోవడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు. ఇంకోవైపు కొండల మీద ఎవరి పేరు మీద ఎవరు రిసార్టు కడుతున్నారో స్థానికులందరికీ తెలుసు, రికార్డులకే తెలియదు.

మారేడుమిల్లి వెళ్లినవాళ్లెవరూ బొంగులో చికెన్ తినకుండా రారు. రోడ్డు పక్కన ఒక కుర్రవాడు పచ్చి బొంగు కణుపు దగ్గర నరికి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెడతాడు. 2006 చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు అడవిలో ఉండేవాళ్లది. అయినా లారీకెత్తి అమ్ముకోవాలంటే రవాణా అనుమతి కాగితం శాఖ ఇవ్వాలనేవారు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖ అనే గోండు గ్రామం దీని మీదే పట్టుబట్టింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వెళ్లి ఆ అనుమతుల పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టారు. ఈసారి మారేడుమిల్లి వెళ్తే, మీ ఊరి పుస్తకం ఎవరి బీరువాలో ఉందని ఆ కుర్రవాడిని అడిగి చూడండి. బొంగు కాలడానికి ఎలాగూ అరగంట పడుతుంది.